సీబీఐ ఎస్ఐ కొట్టినా, పోయినసారి మాత్రం టైపింగ్‌లో పోయింది

అందరికీ నమస్తే. ఎస్ఎస్‌సీ వాళ్లు సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాలకి పెట్టే సీజీఎల్ పరీక్ష 2024లో సీబీఐ ఎస్ఐ (సబ్ ఇన్‌స్పెక్టర్) పోస్టు వచ్చింది నాకు. పీడీఎఫ్‌లో రోల్ నంబర్ నాలుగుసార్లు వెతికి చూసుకున్నా, నమ్మబుద్ధి కాలే. మాది హిందూపురం సైడ్, మూడేళ్లుగా బెంగళూరు బీటీఎంలో పీజీ హాస్టల్లో ఉంటా, నైట్ షిఫ్ట్ జాబ్ చేస్కుంటానే చదివినా.

టైర్-1 (మొదటి దశ పరీక్ష) గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, పాత పేపర్లు తిప్పండి, అరమార్కు నెగటివ్ ఉందని మర్చిపోకండి, అంతే. అసలు కథ 2023 టైర్-2ది. మ్యాథ్స్, రీజనింగ్ బ్రహ్మాండంగా పోయినాయి, సెషన్-2లో టైపింగ్‌కి కూర్చున్నా. క్వాలిఫయింగే కదా, పాసైతే చాలు, 15 నిమిషాల్లో 2000 కీ డిప్రెషన్లు (కీ నొక్కుళ్లు), ఆఫీసులో రోజూ టైప్ చేసేదే కదా అని ఏడాదంతా ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ చేయలే. నా చేతులు లాప్‌టాప్‌కి అలవాటు, అక్కడేమో పాత డెస్క్‌టాప్ కీబోర్డు, రాయిలాగా ఉంది, స్పేస్ కొడితే ఒకసారి పడుతుంది ఒకసారి పడదు, పదాలన్నీ అతుక్కుపోయినాయి, అది సరిచేసుకుంటా కూర్చుంటే టైం అయిపోయింది. మార్కులు కటాఫ్ దాటినాయి, డెస్ట్‌లో, అంటే ఆ టైపింగ్ టెస్టులో ఫెయిల్. ఆ రోజు ఇంటికి ఫోన్ కూడా చేయలే.

బద్ధకం అనుకుంటారేమో, పొద్దున ఆరింటికి క్యాబ్ దిగి పడుకోకుండా కరెంట్ అఫైర్స్ చదివేవాణ్ణి నేను. తప్పు నాదే, కానీ అంతా నాదే కాదు. సరే వదిలేయండి.

తర్వాత ఎస్పీ రోడ్డుకి పోయి, షాపులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే మొండి కీబోర్డు ఏదో అది ఇమ్మని అడిగి, 250 పెట్టి సెకండ్ హ్యాండ్‌ది తెచ్చుకున్నా. రోజూ 15 నిమిషాలు, టక టక సౌండ్‌కి రూమ్మేట్లు తిట్టని తిట్టు లేదు. ఫోన్‌లో రీల్స్ చూసేదానికి గంట దొరుకుతుంది కదా మీకు, దీనికి పావుగంట దొరకదా? ఫిజికల్‌కి భయపడకండి, మగవాళ్లకి 165 సెంటీమీటర్లు ఎత్తు, 76 ఛాతీ కొలతలే, ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి ఉన్నట్టు నడక టెస్టు లేదు.

మా నాన్న అయితే "హిందూపురం స్టేషన్‌లోనే వేస్తారా?" అన్నాడు. ఆ ఎస్ఐ కాదు నాయనా అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. యుద్ధం టైంలో కొనుగోళ్లలో లంచాలు పట్టుకోడానికి 1941లో పెట్టిన డిపార్ట్‌మెంట్ ఇది, 1963 ఏప్రిల్ 1న సీబీఐ అని పేరు మారింది, ఇప్పుడు అవినీతితో పాటు బ్యాంకు మోసాలు, పెద్ద పెద్ద నేరాలు కూడా చూస్తుంది. సొంత చట్టం మాత్రం లేదు, పవర్స్ అన్నీ 1946 ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ యాక్ట్‌వే, ఇది జీఎస్ (జనరల్ స్టడీస్) ప్రశ్నలకి కూడా పనికొస్తుంది. 2024 సెప్టెంబర్‌లో కర్ణాటక, సీబీఐ రాష్ట్రంలో కేసులు చూసేదానికి ఇచ్చిన జనరల్ కన్సెంట్ (ముందస్తు అనుమతి) తీసేసినప్పుడు దావణగెరె రూమ్మేట్ "నీ సీబీఐని మావాళ్లు రానియ్యరంట" అని ఒకటే నవ్వు. ఆ యాక్ట్ సెక్షన్ 6లో రాష్ట్రం కన్సెంట్ కావాలని ఉంది నిజమే రా, కానీ హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ ఆర్డర్ వేస్తే కన్సెంట్‌తో పనే లేదు అన్నా. వాడు దుప్పటి కప్పుకొని పడుకున్నాడు.

ఆ కీబోర్డు నా దగ్గరే ఉంది, బీటీఎం చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి తీస్కపోండి, డబ్బులొద్దు. స్పేస్ బార్ కొంచెం పట్టేస్తది.