గువ్వల వేట తుపాకీని ఇంటి రక్షణకు మార్చుకున్నాం

టెక్సస్‌లో డాలస్‌కి బాగా అవతల, కౌంటీ పరిధిలో మా ఇల్లు. 911కి ఫోన్ చేస్తే షెరిఫ్ మనుషులు రావడానికి చాలాసేపు పడుతుంది. ఉద్యోగం పని మీద నేను తరచూ ఊళ్లు తిరుగుతుంటాను. అప్పుడు ఇంట్లో ఉండేది మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. సెప్టెంబరులో గువ్వల వేటకని కొన్న 20 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత) మాస్‌బర్గ్ 500 పంప్ షాట్‌గన్ మా దగ్గర ఉంది. గొట్టం కింద ఉన్న పిడిని, అంటే పంప్‌ను, వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కే రకం ఇది. తేలికైనది, మా ఆవిడ సులువుగా ఎత్తగలదు. దాన్నే ఇంటికి పనికొచ్చేలా చేసుకుందామనుకున్నాం.

ముందు చట్టం సంగతి. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ, వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ను అడగాల్సిందే.

వేట బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, రెండడుగులు దాటి ఉంటుంది. ఇంట్లో తలుపుల దగ్గర తిప్పడం కష్టం. రంపంతో కోసేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. 1934 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు, మొత్తం తుపాకీ 26 అంగుళాలకు తగ్గితే ముందే అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. కంపెనీవాళ్లే అమ్మే పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్ కొన్నాను. తూటాలన్నీ తీసి, చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని వేలితో తడిమి చూసుకున్నాక, ముందున్న మర విప్పితే పాతది ఊడి వస్తుంది, కొత్తది కూర్చుంటుంది. 12 గేజ్ బ్యారెల్ దీనికి పట్టదు, గేజ్ చూసుకుని కొనాలి. వలస పక్షుల వేటలో మూడు తూటాలకు మించకూడదన్న నిబంధన కోసం, బ్యారెల్ కింద తూటాలు నింపే ట్యూబులో పెట్టిన పుల్లను కూడా తీసేశాను.

అసలు తేడా తెచ్చింది మాత్రం బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం. మామూలు బట్ నా చేతుల పొడవుకు సరిపోయేది. మా ఆవిడ పట్టుకుంటే వెనక్కి వాలిపోయి నిలబడాల్సి వచ్చేది, అలా నిలబడితే పంప్ సరిగ్గా లాగలేరు. చిన్నవయసు వాళ్ల కోసం చేసే పొట్టి యూత్ బట్, మందపాటి రబ్బరు ప్యాడ్ వేశాం. తేలిక తుపాకీకి ఒక ఖరీదు ఉంది: బరువు ఎంత తగ్గితే భుజానికి దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. అందుకే తను మొదట గువ్వల తూటాలతోనే కాల్చి అలవాటు పడి, తర్వాత పెద్ద గుండ్లుండే బక్‌షాట్ తూటాలకు వచ్చింది. తనకు సరిపోయాకే తుపాకీ సిద్ధమైనట్టు లెక్క వేశాం, నాకు సరిపోవడం ముఖ్యం కాదు.

గువ్వల తూటాల్లోని సన్నటి పెల్లెట్లు (గుండ్లు) లోతుగా దిగవు, మనిషిని ఆపుతాయన్న నమ్మకం లేదు. స్లగ్, అంటే ఒకే పెద్ద గుండు ఉండే తూటా అయితే గోడలు దాటి పక్కింటి దాకా పోగలదు. నంబర్ 3 బక్‌షాట్ తీసుకున్నాం, ఒక్కో పెల్లెట్ పావు అంగుళం. అది కూడా డ్రైవాల్ (జిప్సం పలకల) గోడల్ని దాటుతుంది, ఈ సంగతి మరిచిపోకూడదు. అందుకే తుపాకీ కంటే ఎక్కువసేపు ఇంటి ప్లాన్ మీద కూర్చున్నాం. పిల్లల గది ఎటువైపు ఉంది, ఎక్కడ నిలబడితే ఆ గోడ వెనక వాళ్లు ఉండరు అని చూశాం. చివరికి కుదిరిన పద్ధతి ఇది: పిల్లల్ని మా పడకగదిలోకి తెచ్చి తలుపు గడియ పెట్టడం, 911కి ఫోన్ చేయడం, తుపాకీ తలుపు వైపే ఉంచడం. వెతుక్కుంటూ బయటికి వెళ్లడం లేదు.

షాట్‌గన్‌కు గురి అక్కర్లేదంటారు. మా హాలు పొడవు కొలిచి, అంత దూరంలో కాగితం పెట్టి కాల్చి చూశాం. పెల్లెట్లన్నీ చాచిన అరచేయంత చోటులోనే పడ్డాయి. గురి తప్పితే అన్నీ తప్పినట్టే.

పంప్ పట్టుకునే చేతికి అందేలా తుపాకీకి ఒక లైటు బిగించాను, ఎదుట ఉన్నదెవరో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు వెళ్లకూడదని. కానీ ఆ లైటు ఎటు తిరిగితే తుపాకీ అటే చూస్తుంది కాబట్టి, ఇంట్లో చప్పుడేమిటో చూడటానికి మంచం పక్కన చేతి టార్చి వేరుగా ఉంది.

దాచుకోవడం దగ్గర రాజీ పడలేదు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే నేరం. నేరం కాకపోయినా నేను తాళం వేసేవాణ్ణే. గోడకు బిగించిన, నంబరు నొక్కితే తెరుచుకునే పెట్టె కొన్నాం. ట్యూబులో తూటాలు ఉంటాయి, చాంబర్ మాత్రం ఖాళీ. ఈ పంప్ గన్నులో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, కింద పడితే పేలదన్న భరోసా ఇవ్వదు. కాబట్టి చాంబర్ ఖాళీగా ఉండటమే మేలు. చీకట్లో పెట్టె తెరవడం, పంప్ లాగడం మా ఆవిడ డమ్మీ తూటాలతో ఇప్పటికీ సాధన చేస్తూనే ఉంది.