రెండు సైజులు పెద్దది

వేసవి సెలవులకు మా చెల్లెలి కూతురు బిట్రగుంట నుంచి కావలి వచ్చింది. ఎనిమిదో తరగతి అయిపోయింది. వచ్చిన రెండో రోజుకే పిల్ల నడక మారింది. కాళ్లు ఎడంగా వేస్తూ గోడ వారగా తిరుగుతోంది, కూర్చోమంటే వద్దంటోంది. నేను మిషను దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నదాన్ని, ఒంటి మీద బట్ట సరిగా కూర్చోకపోతే మనిషి ఎలా ఇబ్బంది పడుతుందో తెలియదా?

"ప్యాడు పక్కకు జరిగిపోతోంది పెద్దమ్మా" అంది చివరకు, కళ్లనీళ్లతో.

ఈ పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి తినిపించాం, పట్టుపావడా కట్టాం, ఫోటోలు తీయించాం. ఓణీకి అంచు కుట్టింది నేనే. ప్యాడు ఎలా పెట్టుకోవాలో మాత్రం మాలో ఒక్కరమూ చెప్పలేదు. 2021లో ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి అమ్మాయిలకు నెలకు 10 ప్యాడ్లు ఇచ్చే 'స్వేచ్ఛ' పథకం మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డానో! ప్యాడు చేతికొస్తే చాలనుకున్నాను, వాడటం కూడా చేతకావాలి కదా.

దాని డ్రాయరు ఒకటి తెమ్మని చూశాను. ఎదిగే పిల్ల అని వాళ్లమ్మ రెండు సైజులు పెద్దది కొన్నది. ఎలాస్టిక్ కూడా సాగిపోయింది. అందులో ఏ ప్యాడు నిలుస్తుంది? మరక పడుతుందేమోనని ఒకదాని మీద ఒకటి, రెండు పెట్టుకుందట. మే నెల కావలి ఎండలో రెండు! తొడలు ఒరుసుకుని ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రమే ట్రంకు రోడ్డుకు వెళ్లి ఒంటికి పట్టి ఉండే నూలువి నాలుగు తెచ్చాను. ఒకటి మిషను బల్ల మీద పరిచి, కాళ్ల మధ్యకు వచ్చే ఇరుకు పట్టీ నడుమ సుద్దముక్కతో గీత గీశాను. ప్యాడు నడిభాగం ఆ గీత మీదికి రావాలి. రెక్కలు కిందికి మడిచి, అరచేత్తో కాసేపు అదిమి పట్టుకోవాలి. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదట పాత గుడ్డే ఇస్తాను, కొత్త చీర ఇవ్వను. దీనికీ అంతే. నెలసరి అయిపోయాక, ఏ భయమూ లేని రోజున, మళ్లీ పెట్టుకుని మెట్లెక్కి దిగమన్నాను. మూడోసారికి నవ్వింది.

దాని అసలు భయం వేరు. చెంబుడు రక్తం పోతుందనుకుంటోంది. దగ్గు మందు సీసా మూతతో బీట్రూట్ నీళ్లు కొలిచి చూపించాను. చాలామందికి నెలసరి మొత్తం మీద పోయేది 30, 40 మిల్లీలీటర్లే, అంటే ఆ 10 మిల్లీలీటర్ల మూతతో మూడు నాలుగు మూతలు. 80 దాటేలా ఉంటే డాక్టరుకు చూపించాలి. ప్యాడు నిండలేదని రోజంతా ఉంచుకోకూడదు, నాలుగు నుంచి ఆరు గంటలకొకటి మార్చాలి. బడిలో అయితే అన్నం గంట కొట్టగానే అన్నమాట.

ఫోనులో చూసిందట, నెలసరిలో ప్యాడుకు బదులు వాడే కప్పు గురించి కూడా అడిగింది. మరిగించి శుభ్రం చేసి లోపల పెట్టుకోవాలి, 12 గంటల లోపే తీసి కడగాలి అన్నాను. ముఖం చిట్లించి "తర్వాత చూద్దాంలే" అంది. తొందరేముంది?

బడికి తీసుకెళ్లడానికి మిగిలిన లైనింగ్ గుడ్డతో చిన్న సంచి కుట్టాను. అందులో రెండు ప్యాడ్లు, వాడినది చుట్టడానికి పాత పేపరు. ప్రెస్ బటన్ పెట్టబోతే ఆపింది. టక్కుమంటే పక్కవాళ్లకు తెలుస్తుందట! సరే, నాడా పెట్టాను.

బడులు తెరిచిన నెలకు ఫోను చేసింది. మరకల గురించి గానీ, నడక గురించి గానీ ఒక్క మాట లేదు.

"పెద్దమ్మా, ఆ నాడా మరీ పొడుగైంది. బ్యాగు జిప్పులో ఇరుక్కుంటోంది" అంది.