పాత రంపాల వేటలో పెరుగుతున్న పిల్ల

శనివారం పొద్దున పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారని అడిగితే, ఇక్కడ ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మన వాళ్ళలో చాలామంది కూచిపూడి, లెక్కల ట్యూషన్, ఈత అని చెప్తారు. మేమూ వాటికి వెళ్తాం. అయితే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, వాన లేకపోతే, వాటికంటే ముందు నేనూ మా అమ్మాయీ గరాజ్ సేల్స్‌కి, అంటే జనం ఇంటి ముందు పాత సామాను పెట్టి అమ్మేచోట్లకి, వెళ్తాం. పాత వడ్రంగి పనిముట్ల కోసం. దానికి పదమూడేళ్ళు. రంపాన్ని కంటికి తిన్నగా పట్టుకుని, రేకు ఎక్కడైనా వంగిందో లేదో ఒక్క చూపులో చెప్పేస్తుంది.

మన చదువుకున్న కుటుంబాల్లో పిల్లలకి పనిముట్టు పట్టడం నేర్పం. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో వర్క్‌షాప్ అని ఒకటి ఉండేది. రెండు చెక్కలకి హాఫ్ ల్యాప్ జాయింట్ వేసి, రికార్డు రాసి, మార్కులు తీసుకుని అందరం మర్చిపోయాం. చేత్తో పనిచేసే మనిషిని మన సమాజం ఏ మెట్టు మీద కూర్చోబెట్టిందో చెప్పక్కర్లేదు. ఆ మెట్లు నా పిల్లల బుర్రలోకి ఎక్కకూడదని నా గట్టి కోరిక. వాళ్ళకి తెలుగు రావడం ఎంత ముఖ్యమో నాకు ఇదీ అంతే ముఖ్యం. పక్కన కూర్చోబెట్టి చెప్తే ఎక్కే విషయం కాదిది. ఒక మంచి ఉలి తయారవ్వాలంటే ఎంత తెలివి కావాలో పిల్లల చేతికే తెలియాలి.

ఉంటున్న ఊరు కూడా కలిసొచ్చింది. ఒకప్పుడు ప్రపంచంలోనే పేరుమోసిన రంపాల ఫ్యాక్టరీ ఫిలడెల్ఫియాలో, డెలావేర్ నది ఒడ్డున టకోనీలో ఉండేది. దాన్ని పెట్టిన హెన్రీ డిస్టన్ 1833లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఇంగ్లండు నుంచి తండ్రితో ఓడ దిగాడు. దిగిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. రంపాలు చేసే ఒకాయన దగ్గర పని నేర్చుకుని 1840లో సొంతంగా మొదలుపెట్టాడు. 1870లలో ఫ్యాక్టరీని టకోనీకి మార్చడం మొదలైంది, దాని చుట్టూ పనివాళ్ళ ఇళ్ళతో ఒక పేటే లేచింది. మా అమ్మాయి ఈ కథ బడిలో వినలేదు. ఐదు డాలర్లకి కొన్న రంపం పిడికి ఉన్న ఇత్తడి బిళ్ళ మీద పేరు చదివి, ఎవరీయన అని వెతికి తెలుసుకుంది. తండ్రి పోయాక ఆ పిల్లాడు ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు అని చాలా రోజులు అడిగింది. వలస వచ్చినవాళ్ళంటే మనలాంటి వాళ్ళే అనుకునే పిల్లకి అది కొత్త సంగతి.

ఆ ఇత్తడి బిళ్ళ కొనేవాళ్ళకి కూడా పనికొస్తుంది. దాని మీది అక్షరాలు, బొమ్మ కాలాన్ని బట్టి మారాయి కాబట్టి రంపం ఏ కాలందో దాదాపుగా చెప్పొచ్చు. బిళ్ళ మీద గద్ద బొమ్మ, ‘వారంటెడ్ సుపీరియర్’ అన్న మాట మాత్రమే ఉంటే ఎవరు చేశారో తెలియదు, చాలా కంపెనీలు అలాంటివి వాడాయి. పైపై తుప్పుకి భయపడొద్దు. రేకు మడత పడినా, తుప్పు లోతుగా గుంటలు పెట్టినా వదిలెయ్యండి. మంచి పాత రంపం రేకు పళ్ళ దగ్గర మందంగా, వీపు వైపు పలచగా ఉంటుంది. చెక్కలో ఇరుక్కోకుండా నడవడానికి అలా చేసేవాళ్ళు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే చవక రంపాల్లో చాలావాటి పళ్ళు మరీ గట్టిపరిచి ఉంటాయి. మొద్దుబారితే ఆకురాయి ఎక్కదు, పారెయ్యాల్సిందే. పాతవాటికి ఎన్నిసార్లయినా పదును పెట్టుకోవచ్చు.

చెక్కని నున్నగా చేసే చిత్రికల్లో మేము ఎక్కువగా చూసేది స్టాన్లీ కంపెనీ వాళ్ళ బెయిలీ రకం, నాలుగో నంబరు, ఐదో నంబరు. కనెటికట్‌లోని న్యూ బ్రిటన్‌లో చేసినవి. బ్లేడు తీసి లోపల చూస్తే కొన్నిటిలో పేటెంటు తేదీలు పోతలోనే ఉంటాయి: 1902వి రెండు, 1910ది ఒకటి ఉంటే అది 1910 తర్వాతది, దాదాపుగా మొదటి ప్రపంచయుద్ధం రోజులదని అర్థం. బ్లేడు మీద గుండె గుర్తులో ఎస్, డబ్ల్యు అక్షరాలుంటే 1920ల, 30లది. రెండో ప్రపంచయుద్ధంలో ఇత్తడికి కరువొచ్చింది. అందుకే ఆ ఏళ్ళ చిత్రికల్లో కొన్నిటికి, బ్లేడుని పైకీ కిందకీ జరిపే ఇత్తడి చక్రం ఉండాల్సిన చోట నల్ల రబ్బరు చక్రం కనిపిస్తుంది. మా అమ్మాయి యుద్ధం గురించి చదివినదంతా ఒక ఎత్తు, ఆ రబ్బరు చక్రం తిప్పి చూడడం ఒక ఎత్తు.

కొనేముందు చిత్రిక అడుగు తిప్పి చూడాలి. బ్లేడు బయటికొచ్చే సందు అంచులు పెచ్చులూడకూడదు, పక్క గోడలకి పగులు ఉండకూడదు. పిడి విరిగితే అతికించుకోవచ్చు, పోత ఇనుము పగిలితే మన వల్ల కాదు. ఉలికైతే చదునైన వెనక వైపు, అంచు దగ్గర, తుప్పు గుంటలు లేకుండా చూస్తే చాలు. తుప్పుకి ఇంట్లో ఉండే తెల్ల వెనిగర్ పనిచేస్తుంది. రాత్రంతా నానబెట్టి, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. పిల్లలతో చేసేవాళ్ళకి ఒక్క జాగ్రత్త: పాత పిడుల మీద, పెట్టెల మీద రంగు ఉంటే పొడిగా గీకనివ్వకండి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని ఈ దేశంలో నిషేధించింది 1978లో. అంతకు ముందువాటిలో సీసం ఉండొచ్చు.

గరాజ్ సేల్‌లో కంటే ఎస్టేట్ సేల్‌లో మంచివి ఎక్కువ దొరుకుతాయి. ఇంటాయన పోయాకో, వృద్ధాశ్రమానికి వెళ్ళాకో ఇల్లంతా తెరిచి అమ్ముతారు. మొదటి రోజు రాసిన ధరకి, ఆఖరి రోజు చాలాచోట్ల సగానికి ఇస్తారు. పోయిన వేసవిలో అత్తయ్య ఇక్కడే ఉన్నారు. “పోయినవాళ్ళ సామాను ఇంట్లోకి తెస్తారటమ్మా?” అని బాధపడ్డారు. నేనేం వాదించలేదు. మా అమ్మాయే చిత్రిక ఆవిడ చేతిలో పెట్టి, “నానమ్మా, చూడు, బొటనవేలు పెట్టినచోట అరిగిపోయింది. ఆయన రోజూ వాడారు” అంది. అత్తయ్య చాలాసేపు ఆ పిడిని తడుముతూ కూర్చున్నారు. తర్వాత కృష్ణా జిల్లాలో వాళ్ళ ఊరి వడ్రంగి గురించి చెప్పడం మొదలుపెట్టారు. నాగళ్ళు, బండి చక్రాలు ఆయనే చూసేవాడట. కోతలయ్యాక కళ్ళంలోకి వచ్చి తన పనికి రావాల్సిన మేర ధాన్యంగా తీసుకెళ్ళేవాడట. ఆయన పోయాక కొడుకు ఆ బాడిసే పట్టుకున్నాడు. అత్తయ్య ఆ మాటలు చెప్పగా నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. దసరాకి ఆయుధపూజలో కారు తాళాల పక్కన ఆ చిత్రికకి ఆవిడే బొట్టు పెట్టారు. బట్టలూ గిన్నెలూ మాత్రం అలాంటి ఇళ్ళ నుంచి తేవద్దన్నారు. సరేనన్నాను.

బేరం విషయంలో మా ఇంట్లో ఒక నియమం ఉంది. రాసిన ధరకి కొంచెం తగ్గించమని మర్యాదగా అడగొచ్చు, కానీ అమ్మేవాళ్ళకి దాని విలువ తెలియదని తెలిసీ కొనకూడదు. ఒకసారి ఒక పెద్దావిడ స్టాన్లీ నలభై ఐదో నంబరు, రకరకాల గాడులు తీసే చిత్రిక, బ్లేడ్లన్నిటితో పెట్టెలో పెట్టి పది డాలర్లని రాశారు. అన్నీ ఉన్న సెట్టు వంద డాలర్లకు పైనే పలుకుతుంది. ఆ మాట ఆవిడకి చెప్పాను. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి, అమ్మకం నుంచి దాన్ని తీసేశారు. మా అమ్మాయి కారులో ఇంటిదాకా నాతో మాట్లాడలేదు. దానికి ఇప్పటికీ ఆ చిత్రిక మీద ఆశ ఉంది. నేను మాత్రం మళ్ళీ అలాంటిది ఎదురైతే మళ్ళీ అదే చెప్తాను.

వేలాలు వేరే ప్రపంచం. లాంకస్టర్ కౌంటీలో ఫిబ్రవరి చివర నుంచి వసంతమంతా మడ్ సేల్స్ అనే వేలాలు జరుగుతాయి, ఊళ్ళలోని వాలంటీర్ అగ్నిమాపక దళాలకి డబ్బు కూడబెట్టడం కోసం. మంచు కరిగి నేలంతా బురద అవుతుంది, బూట్లు తప్పనిసరి. ఒక పక్క బొంతలు, ఒక పక్క గుర్రబ్బళ్ళు, ఇంకో పక్క పనిముట్లు, ఒకేసారి ఇద్దరు ముగ్గురు వేలంపాటలు పాడుతుంటారు. సామాన్లు చాలావరకు డబ్బా లెక్కన పోతాయి. అడుగున ఏముందో ముందే చెయ్యి పెట్టి చూసుకుని, ఎంతదాకా వెళ్ళాలో కాగితం మీద రాసుకుని, ఆ అంకె దాటకుండా ఉండడం మా అమ్మాయి పని. ఆన్‌లైన్ వేలాల్లోనూ అంతే. పాడిన ధర మీద కొనేవాళ్ళ నుంచి తీసుకునే కమిషన్, ఆ పైన పన్ను కలుస్తాయి. ఆ లెక్క అదే వేస్తుంది.

అక్కడ మా అమ్మాయి అన్నిటికంటే ఎక్కువగా గమనించింది ఆమిష్ పిల్లల్ని. ఆమిష్‌లంటే పాత పద్ధతుల్లో సాదాగా బతికే ఒక క్రైస్తవ సమాజం. వాళ్ళ పెద్దలు పెన్సిల్వేనియాకి రావడం 1700లలో మొదలైంది. ఇప్పటికీ ఇంట్లో పెన్సిల్వేనియా జర్మన్, బడిలో ఇంగ్లీషు. దీని వయసు పిల్ల ఒకతె తమ్ముడితో ఆ భాషలో, మాతో ఇంగ్లీషులో గడగడా మాట్లాడింది. “వాళ్ళు ఇన్నేళ్ళు ఎలా మర్చిపోలేదమ్మా?” అని తిరిగొచ్చేటప్పుడు మా అమ్మాయి అడిగింది. కలిసి పనిచేసేటప్పుడు ఆ భాషే మాట్లాడతారు కాబట్టి అనుకుంటా, అన్నాను. ఆ మర్నాటి నుంచి గరాజ్‌లో ఉన్నంతసేపు మా ఇద్దరి మధ్యా తెలుగే. ఆదివారం తెలుగు క్లాసులో నోరు విప్పని పిల్ల, అక్కడ “ఆ ఉలి ఇటివ్వు, సానరాయి మీద నూనె ఆరిపోయింది” అంటుంది.

ఇప్పుడు చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఈ పిల్ల సంగతి తెలిసిపోయింది. ఇండియా నుంచి తెచ్చుకుని మొద్దుబారిన కత్తిపీటలు ఇచ్చి వెళ్తున్నారు. ఒక్కోదానికి రెండు డాలర్లు తీసుకుంటుంది, ఆ డబ్బు వచ్చే మడ్ సేల్‌కి దాస్తోంది. ఈ వారం ఒకావిడ కొబ్బరికోరు తెచ్చారు. రంపం పళ్ళకి వాడే మూడంచుల ఆకురాయి దానికీ సరిపోతుందని మా అమ్మాయే కనిపెట్టింది, సగం పళ్ళు అయ్యాయి.