గొర్రెల నట్టల మందు కుక్కకు పోస్తే లెక్క ఎక్కడ తప్పుతుంది

మందకు నట్టల మందు పోయడం అయ్యాక సీసా అడుగున మిగిలింది కాస్త కావలి కుక్క నోట్లో కూడా పోసేయడం మన పల్లెల్లో మామూలే. మందు మందే కదా అంటారు. మందు ఒకటే కావచ్చు, మోతాదు మాత్రం ఒకటి కాదు. సీసా మీద ఉన్న లెక్క నెమరువేసే జీవాలకు కట్టింది. దాన్ని కుక్క బరువుకు కుదించి పోస్తే ఒక మందు పనిచేయనంత తక్కువవుతుంది, ఇంకో మందు ప్రాణం మీదికి తెచ్చేంత ఎక్కువవుతుంది.

ముందు ఫెన్‌బెండజోల్ సంగతి. పశువుల మందుల్లో కుక్కకు నిజంగా అక్కరకొచ్చేది ఇదే. గొర్రెకు, ఆవుకు కిలో బరువుకు 5 నుంచి 7.5 మి.గ్రా. ఒక్కసారి పోస్తే సరిపోతుంది. కుక్కకు కిలోకు 50 మి.గ్రా. కావాలి, అదీ వరసగా మూడు రోజులు. ఎందుకంటే ఈ మందు పురుగును పట్టుకుని గంటల తరబడి ఉంటేనే చంపుతుంది. గొర్రె పెద్ద పొట్టలో మందు నిలవ ఉండి కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. కుక్క పేగులో అలా నిలిచే చోటు లేదు. అందుకే గొర్రె లెక్కన ఒక్క పూట పోస్తే పురుగులు చావవు, "మందు పోశాం కదా" అన్న ధీమా మాత్రం మిగులుతుంది.

లెక్క ఇలా కట్టాలి: కుక్క బరువును 50తో హెచ్చించి, ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. మందుందో దానితో భాగించాలి. 10 శాతం మందులో మి.లీ.కి 100 మి.గ్రా., 2.5 శాతంలో 25 మి.గ్రా. ఉంటాయి. 12 కిలోల కుక్కకు రోజుకు 600 మి.గ్రా. కావాలి. అంటే మొదటి దానిలో 6 మి.లీ., రెండో దానిలో 24 మి.లీ. శాతం చదవకుండా "మొన్న ఆరు పోశాం" అని కొత్త సీసాలోంచీ అంతే పోస్తే పావు మోతాదే పడుతుంది. 1.5 గ్రాముల పెద్ద మాత్ర 30 కిలోల కుక్కకు ఒక రోజు మోతాదు, 15 కిలోల దానికి సగం. బరువు కళ్లతో అంచనా వేయొద్దు. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి.

సీసాను గట్టిగా, కాసేపు కుదపాలి. మందు నీళ్లలో కరగదు, అడుగుకు దిగుతుంది. పైపైన పోసిన కుక్కకు నీళ్లు, చివరి కుక్కకు ముద్ద దక్కుతాయి. అన్నంలో కలిపి పెడితే ఒంటికి బాగా పడుతుంది. తినకపోతే సూది తీసేసిన సిరంజితో పెదవి పక్కన, బుగ్గ సందులోకి కొద్దికొద్దిగా వదలాలి. గొర్రెకు పోసినట్టు తల పైకెత్తి గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది.

మర్నాడు పురుగులు కనపడలేదని మందు పనిచేయలేదనుకోవద్దు. ఫెన్‌బెండజోల్‌కు చచ్చినవి చాలావరకు లోపలే అరిగిపోతాయి. పైరాంటెల్ అనే ఇంకో పురుగుల మందు మాత్రం పురుగును చచ్చుబడేలా చేస్తుంది, ఏలికపాములు కదులుతూనే బయటికి వస్తాయి. ఫెన్‌బెండజోల్‌ను మూడు వారాలకు మళ్లీ ఒక విడత ఇవ్వాలి. కొరడా పురుగులుంటే నెలకో విడత చొప్పున మూడు నెలలు.

ఇక ఐవర్‌మెక్టిన్. పిడుదులు పట్టాయనో, పురుగులకనో 1 శాతం ఇంజెక్షన్‌ను ఎవరో ఒకరు కుక్కకు పొడుస్తుంటారు, నోట్లో పోసేవాళ్లూ ఉన్నారు. ఆ మందు ఒక మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది, 50 కిలోల పశువుకు ఒక మి.లీ. లెక్క. కుక్కల్లో గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములే. 10 కిలోల కుక్కకు అది ఈ సీసాలోంచి 0.006 మి.లీ. ఏ సిరంజి గీతలోనూ అంత చిన్న కొలత దొరకదు. చేయి జారి ఒక మి.లీ. పడిందంటే కిలోకు 1000 మైక్రోగ్రాములు పడ్డట్టు.

కొన్ని కుక్కల్లో మందును మెదడులోకి పోనీయకుండా ఆపే ఎం.డి.ఆర్.1 జన్యువు లోపంతో ఉంటుంది. కోలీల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ, జర్మన్ షెపర్డ్‌లలో కొన్నింటికి ఉంటుంది. అలాంటి కుక్కకు కిలోకు 100 మైక్రోగ్రాములు దాటినా ప్రమాదమే. ఊరి కుక్కలో ఏ రక్తం కలిసిందో ఎవరికి తెలుసు? కనుపాపలు పెద్దవై, చొంగ కారుస్తూ, తూలుతూ, చూపు కానక గోడలకు గుద్దుకుంటుంటే వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి, సీసా కూడా పట్టుకెళ్లాలి. దీనికి విరుగుడు మందు లేదు, ఒళ్లు కోలుకునేదాకా సెలైన్లతో కాపాడటమే. గుండె పురుగు పిల్లలు రక్తంలో ఉన్న కుక్కకు ఈ మందు పడితే అవి ఒక్కసారిగా చచ్చి షాక్ కొట్టొచ్చు. మందు వేసిన పశువుల పేడ తిన్నా ఇబ్బందే, కాబట్టి ఆ తర్వాత కొన్నాళ్లు కుక్కను దొడ్డికి దూరంగా ఉంచండి.

అసలు వాడకూడనివి కొన్ని ఉన్నాయి. క్లోసాంటెల్ కలిసిన కార్జపు జలగల మందు కుక్క కంటి చూపు తీసేయగలదు. లెవామిసోల్‌కు పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఆల్బెండజోల్ అన్ని చోట్లా దొరుకుతుంది గానీ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, చూలు కుక్కకైతే పిల్లల్లో అవకరాలు రావొచ్చు. ఫెన్‌బెండజోల్ దొరుకుతుండగా దాని జోలికి పోవడమెందుకో నాకైతే అర్థం కాదు.

గొర్రెల మందుతో తీరని బెడద ఇంకోటి ఉంది, బద్దెపురుగులు. మలం చుట్టూ దోసగింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి పిడుదుల వల్ల కాదు, కుక్క బొచ్చులో గెంతే ఫ్లీ పురుగుల వల్ల వచ్చే రకం. ఫెన్‌బెండజోల్ వాటిని ముట్టుకోదు. ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మి.గ్రా. ఇవ్వాలి, ఆ ఫ్లీ పురుగుల్నీ వదిలించాలి, లేకుంటే నెలలోపే మళ్లీ వస్తాయి.

కోసిన గొర్రె కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి బుడగలుంటే ఆ ముక్క కోసి కుక్కకు విసిరేస్తారు. ఆ బుడగలోనే ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలుంటాయి. కుక్క పేగులో అవి పెరిగి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మేతలో కలిసి మందకు, చేతుల మీదుగా మనుషులకు చేరి, మన కార్జంలోనూ అలాంటి బుడగలే కడతాయి. పెద్ద పురుగు కొన్ని మిల్లీమీటర్లే, మలంలో కంటికి ఆనదు. కుక్క నిక్షేపంలా కనిపిస్తుంది. గొర్రె తల వంచి గుండ్రంగా తిరుగుతూ పడిపోయే జబ్బుకు కారణం కూడా కుక్కలోని మరో బద్దెపురుగే, గొర్రె తలను, మెదడును పచ్చిగా వేయడం వల్ల ఆ పురుగు కుక్కకు పట్టుకుంటుంది.

కాబట్టి మంద కుక్కకు ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ పడాలి. పేగులో చేరిన పురుగు గుడ్లు పెట్టే దశకు రావడానికి దాదాపు అంతే పడుతుంది. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. అందుకని మాత్ర వేశాక రెండు రోజులు కట్టేసి ఉంచి, మలాన్ని లోతుగా పాతిపెట్టాలి లేదా కాల్చేయాలి. బుడగలున్న కార్జాన్ని బయట పారేయకుండా పూడ్చాలి, కుక్క తవ్వి తీయకుండా పైన రాళ్లు పేర్చాలి.

కుక్కపిల్లలకు పశువుల సీసా అసలు వద్దు. ఏలికపాములు కడుపులో ఉండగానే, కొంకిపురుగులు పాల ద్వారా తల్లి నుంచి వస్తాయి. రెండో వారం నుంచి పైరాంటెల్ కిలోకు 5 మి.గ్రా. మొదలుపెట్టి, ఎనిమిదో వారందాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి ఇవ్వాలి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, మలం తారులా నల్లగా వస్తుంటే కొంకిపురుగులు రక్తం తాగేస్తున్నట్టే. అప్పుడు మందుతో పాటు రక్తం కూడా ఎక్కించాల్సి రావొచ్చు, ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.