తొమ్మిది ప్రశ్నలకు చిక్కని దిగులు

"నాకేం మేడమ్, బాగానే ఉండాను." పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నలు) కాగితంలో ఆయనకు మొత్తం 6 మార్కులు. 10కి చేరితేనే గదా ఎవరైనా ఆగి చూసేది.

పక్కనుండే భార్య మెల్లగా అనింది: "దినామూ తాగతాండాడు. ఊరికే అరుస్తాడు. రాత్రిపూట బండేసుకుని అలిపిరి రోడ్డులో ఒకటే స్పీడు."

ఆ తొమ్మిది ప్రశ్నల్లో కోపం లేదు, మందు లేదు, స్పీడు లేదు. మగవాళ్ల దిగులు చాలాసార్లు బయటపడేది వీటిలోనే. అందుకే ఎండీఆర్‌ఎస్-22 అని, మగవాళ్ల డిప్రెషన్ ముప్పును చూసే ఇంకో కొలత తయారైంది. మనసులోది అణచుకోవడం, మందు, మత్తు పదార్థాలు, కోపం, ఒంటి నొప్పులు, ప్రమాదాలకు తెగించడం, ఈ ఆరింటినీ 22 ప్రశ్నల్లో అడుగుతుంది.

స్వభావమూ దారి చూపిస్తుంది. ప్రతిదానికీ తల్లడిల్లే గుణం ఉన్నవాళ్లకు డిప్రెషన్ ముప్పే ఎక్కువ. దానికి ఎదుటివాళ్లతో సర్దుకోలేని గుణం తోడైతే కోపంగా, ఆగలేని తొందర తోడైతే మందుగా, స్పీడుగా మారొచ్చు. ఎవరితోనూ చెప్పుకోని మనిషి తలనొప్పి, కడుపుమంట అంటూ డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటాడు. ఇది మొగ్గు మాత్రమే, తలరాత కాదు.

చిక్కెక్కడంటే, ఇంట్లో "ఆయప్ప ముందునించీ కోపిష్టే" అని వదిలేస్తారు. నేనైతే ముందు అడిగేది: ఎప్పటినించి ఎక్కువైంది? నిద్ర ఎప్పుడు చెడింది? పనికి పోవడం ఎప్పుడు తగ్గించినాడు? ఈ మూడూ ఒకే నెలల్లో పడితే అది స్వభావం ఒక్కటే కాదు, జబ్బును వెతకాల. ఇంట్లో చెయ్యి చేసుకుంటుంటే మాత్రం భార్య భద్రత ముందు, మిగతావన్నీ తర్వాత.

మొత్తం మార్కులు ఎంతున్నా చావు ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు జవాబు విడిగా చూడాల. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.