పిట్స్‌బర్గ్‌లో ఉక్కు ఎక్కడ్రా?

పిట్స్‌బర్గ్ చూడాలని ఇండియా నుంచి ప్రత్యేకంగా ఎవరూ రారు. పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి వస్తారు, వచ్చారు కాబట్టి చూస్తారు. అందుకని మా ఇంట్లో చుట్టాల కోసం ఒక ప్రోగ్రాం ఎప్పుడూ రెడీగా ఉంటుంది: పెన్ హిల్స్‌లో వెంకటేశ్వర స్వామి గుడి, కొండ మీదికి తాళ్లతో లాగే పెట్టె బండి (ఇన్‌క్లైన్ అంటారు), మూడు నదులు కలిసే చోట ఫౌంటెన్ ముందు ఫోటో, ఇంకా ఓపికుంటే ఏదో ఒక మ్యూజియం. అత్తగారి తరఫు వాళ్లు, మా ఆవిడ స్నేహితులు, అందరికీ ఇదే. పోయిన వేసవిలో వైజాగ్ నుంచి బాబాయ్, పిన్ని వచ్చేదాకా దాన్ని మార్చాల్సిన అవసరం మాకు రాలేదు.

బాబాయ్ విశాఖ స్టీల్ ప్లాంట్‌లో ముడి ఖనిజం కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఉక్కునగరం క్వార్టర్స్‌లోనే పిల్లల్ని పెంచాడు, యూనియన్లో తిరిగాడు, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాడు. ఆయనకి పిట్స్‌బర్గ్ అంటే స్టీల్ సిటీ, ఇంకేం కాదు. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే దారిలో ఫోర్ట్ పిట్ టన్నెల్ దాటగానే పసుపు రంగు బ్రిడ్జి, నదులు, మేడలు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తాయి కదా, ఎవరొచ్చినా అక్కడ "అబ్బా" అంటారు. పిన్ని అంది కూడా. బాబాయ్ మాత్రం అటూ ఇటూ చూసి, "చిమ్నీలేవిరా?" అన్నాడు.

లేవు బాబాయ్, ఎప్పుడో పోయాయి అంటే ఆయన నమ్మలేదు.

మర్నాడు డౌన్‌టౌన్‌కి తీసుకెళ్లాను. యూఎస్ స్టీల్ టవర్ దగ్గర ఆగాడు. 64 అంతస్తుల మేడ, పైన పెద్ద అక్షరాలతో యూపీఎంసీ అని ఉంటుంది. అది ఇక్కడి ఆస్పత్రుల సంస్థ, ఇప్పుడు ఊళ్లో ఎక్కువ మందికి జీతాలిచ్చేది వాళ్లే. "ఉక్కు బిల్డింగు మీద ఆస్పత్రి పేరేటి?" అన్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, "తుప్పు పట్టేసింది, రంగెయ్యలేదేటి?" అని ఇంకో ప్రశ్న. అది కార్‌టెన్ స్టీలు, పైన పట్టే ఆ తుప్పు పొరే లోపలి ఉక్కును కాపాడుతుందని తయారైనది. బయటికి కనిపించే ఆ స్తంభాలు లోపల బోలుగా ఉంటాయి, మంటలు అంటుకుంటే వేడెక్కకుండా వాటి నిండా నీళ్లు, గడ్డకట్టకుండా కలిపిన మందు ఉంటాయి. ఇదంతా నాకూ తెలీదు, ఆయన అడిగాక ఫోన్లో వెతికి చదివాను. ఇన్నేళ్లుగా ఆ మేడ పక్కనుంచి ఆఫీసుకి వెళ్తున్నా ఒక్కసారీ చేత్తో తాకలేదు. ఆ యూఎస్ స్టీల్ కంపెనీని 2025లో జపాన్‌కి చెందిన నిప్పాన్ స్టీల్ కొనేసిందని చెబితే బాబాయ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. వైజాగ్ ప్లాంటును అమ్మేస్తామని 2021లో కేంద్రం ప్రకటించినప్పట్నుంచి ఈ టాపిక్ వస్తే ఆయనకి బీపీ పెరుగుతుందని పిన్ని నాకు సైగ చేసింది, నేను టాపిక్ మార్చాను.

ఇన్‌క్లైన్ మాత్రం ఇద్దరికీ నచ్చింది, కారణాలే వేరు. డుకేన్ ఇన్‌క్లైన్ 1877 నాటిది. ఎర్ర రంగు చెక్క పెట్టె ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి వస్తుంది, 400 అడుగుల ఎత్తు. పిన్ని కళ్లు మూసుకుని గోవింద నామాలు చదువుతూ ఎక్కింది, పైన దిగాక మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు. మూడు నదులూ ఒకేసారి కనిపిస్తాయి: ఎడమ నుంచి అలెగెనీ, కుడి నుంచి మొనాంగహేలా, రెండూ కలిసి ఒహాయో. బాబాయ్ పైన స్టేషన్లో లాగే యంత్రం చూడ్డానికి పోయాడు. దాని పెద్ద గేరుకి పళ్లు చెక్కవి! 1962లో ఇది మూతపడితే కొండ మీది జనమే చందాలు వేసుకుని మళ్లీ తెరిపించారని అక్కడ రాసుంది. ఆ ముక్క పిన్నికి తెలుగులో చెప్పమని నాకు రెండుసార్లు గుర్తుచేశాడు.

యూనివర్సిటీలో 42 అంతస్తుల కథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్ చూపించాం. ఒక్కో దేశం పేరుతో ఒక్కో క్లాస్‌రూమ్, ఇండియా గదిని నలంద నమూనాలో ఎర్ర ఇటుకతో కట్టారు. బావుంది, చూశాం, వచ్చేశాం. ఆర్టిస్టు ఆండీ వార్హోల్ మ్యూజియం గురించి రాయను, టికెట్ డబ్బులు గుర్తొస్తాయి. శనివారం పొద్దున స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో పిన్ని చేపల అంగడి చూసి, ఇంత శుభ్రంగా ఉంటే చేప ఎలా కొనబుద్ధేస్తుందే అని మా ఆవిడతో అంది. ప్రిమాంటీ అనే హోటల్లో శాండ్‌విచ్ లోపలే ఫ్రెంచ్ ఫ్రైస్, కోల్‌స్లా అన్నీ పెట్టి ఇస్తారు. 1930లలో రాత్రిళ్లు సరుకు తెచ్చే లారీ డ్రైవర్ల కోసం మొదలైన తిండి అని చెప్తారు. "షిఫ్ట్ వాళ్ల కేరేజీ ఇది, అన్నీ ఒక్క ముద్దలో" అని బాబాయ్ పూర్తిగా తినేశాడు. పిన్ని ఫ్రైస్ ఏరుకుని తింది.

అసలు సంగతి క్యారీ ఫర్నేసులు. రాంకిన్, స్విస్‌వేల్ దగ్గర మొనాంగహేలా ఒడ్డున రెండు పాత బ్లాస్ట్ ఫర్నేసులు మిగిలాయి, 6, 7 నంబర్లు, 1907లో కట్టినవి. వేసవిలో టూర్లు నడుపుతారు, ముందే బుక్ చేసుకోవాలి. నేను బుక్ చేసింది బాబాయ్ పోరు పడలేకే. పొద్దున్నే చెప్పులేసుకుని తయారైన పిన్నికి మా ఆవిడ స్పోర్ట్స్ షూస్ తొడిగి, చీర కుచ్చిళ్లు పైకి దోపించి తీసుకెళ్లాం.

తొంభై అడుగుల ఫర్నేసు, దాని పక్కన గాలి వేడిచేసే స్టవ్‌లు, మనిషి నిలబడి నడిచేంత లావు గొట్టాలు, మధ్యలో మొలిచిన చెట్లు. గైడ్ మొదలుపెట్టాడు, నేను తెలుగులో చెప్పబోయాను. బాబాయ్ చెయ్యెత్తి ఆపాడు. అక్కణ్నుంచి గైడ్ ఇంగ్లీష్ ఆయనకి అవసరం రాలేదు. పైకి ముడి ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి మోసుకెళ్లే స్కిప్ కార్ ఇది, ఇక్కణ్నుంచి వేడిగాలి, ఇదిగో ట్యాప్ హోల్, ఇందులోంచి లోహం ఈ కాలవలో పారుతుంది, పైన తేలే మడ్డి, అదే స్లాగ్, ఇటు మళ్లుతుంది అని వేలితో చూపిస్తూ పిన్నికీ నాకూ చెప్పుకుంటూ పోయాడు. గైడ్‌కి విషయం అర్థమై, మీరు ఫర్నేస్ మనిషా అని అడిగాడు. "గోదావరి" అన్నాడు బాబాయ్. వైజాగ్‌లో ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇక్కడ క్యారీ. ఫర్నేసుకి ఆడపేరు పెట్టడం ఇక్కడా ఉందని తెలిసి ఆయనకి ఎంత సంబరమో. వెంటనే వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి కూర్మన్నపాలెంలో ఉన్న పాత దోస్తుకి చూపించాడు. అక్కడ రాత్రి, ఆయన అన్నం తింటూ, "ఏటిరా, క్యాస్ట్ హౌస్ ఇంత ఇరుకు?" అన్నాడు. కరిగిన లోహం బయటికి పారే షెడ్డు అన్నమాట. టూర్ అంతా ఆగి ఈ కాల్ అయ్యేదాకా చూసింది. నాకు సిగ్గేసింది, గైడ్‌కి మాత్రం ముచ్చటేసినట్టుంది.

ఫర్నేసు మూతపడ్డాక 1990ల చివర్లో కొందరు ఆర్టిస్టులు ఎవర్నీ అడక్కుండా లోపలికి దూరి, అక్కడి తుక్కు గొట్టాలతోనే నలభై అడుగుల పైబడిన జింక తల చేశారు, ఇప్పటికీ ఉంది. పిన్నికి నచ్చింది అదొక్కటే.

ఇక్కడ కరిగిన ఇనుము రైలు బండ్లలో నది దాటి హోమ్‌స్టెడ్‌కి పోయేది. మేమూ దాటాం. ఇప్పుడక్కడ షాపింగ్ మాల్, సినిమా హాలు, వరసగా పన్నెండు చిమ్నీలు మాత్రం అలాగే ఉంచారు. చిమ్నీలేవిరా అన్న మనిషికి చివరికి చిమ్నీలు చూపించానన్న మాట. 1892 జులైలో కార్మికులకీ, కంపెనీ పడవల్లో దింపిన పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ గార్డులకీ కాల్పులు జరిగింది ఈ ఒడ్డునే, రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు. బాబాయ్‌కి ఆ కథ నాకన్నా బాగా తెలుసు, యూనియన్ క్లాసుల్లో చెప్పేవారట. పిట్స్‌బర్గ్ జనాభా 1950లో ఆరు లక్షల డెబ్బై వేల పైన, ఇప్పుడు మూడు లక్షలు అని చెప్తే, "మరి మిగతావాళ్లేమయ్యార్రా?" అన్నాడు. పనుల కోసం వెళ్లిపోయారు అన్నాను. నువ్వొచ్చినట్టే అన్నమాట అని పిన్ని మధ్యలో ఒక చురక వేసింది.

వెళ్తూ వెళ్తూ బ్రాడక్ వైపు తిప్పాను, ఎందుకంటే 1875లో ఉక్కు వ్యాపారి కార్నెగీ మొదలుపెట్టిన ఎడ్గార్ థామ్సన్ మిల్లు ఇప్పటికీ నడుస్తోంది. రోడ్డు పక్కనే ప్లాంటు. బాబాయ్ కారు అద్దం దించి వాసన చూశాడు. "ఆఁ. ఇదీ."

అక్కణ్నుంచి గుడి దగ్గరే. 1970లలో కట్టిన గుడి, కొండవాలు మీద తెల్లటి గోపురం. దర్శనం అయ్యాక పిన్నికి ప్రాణం లేచొచ్చింది. కింద క్యాంటీన్లో పులిహోర తింటుంటే పక్క బల్ల దగ్గర కాకినాడ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, కొడుకు దగ్గరికొచ్చి నెలైంది, ఈ ఊళ్లో చూడ్డానికేమీ లేదండి అని మాట కలిపారు. బాబాయ్ పులిహోర ప్లేటు పక్కన పెట్టి టిష్యూ పేపరు మీద ఫర్నేసు బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. ఆ కొడుకు నా వైపు చూశాడు, టూర్ లింక్ పంపమని నంబర్ ఇచ్చాడు. లేచి వచ్చేస్తుంటే బాబాయ్ వెనక్కి తిరిగి, "చెప్పులతో రానివ్వరండీ, బూట్లేసుకెళ్లండి" అని కేకేశాడు.