వినికిడి లోపంతో ఆపరేషన్: నా అనుభవం

పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, లాప్రోస్కోపీ ద్వారా, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి కెమెరా సాయంతో, పిత్తాశయాన్ని తొలగించాలనీ తేలినప్పుడు నన్ను ఆపరేషన్ కన్నా ఎక్కువగా కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. నాకు రెండు చెవులూ సరిగా వినపడవు. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుని, ఎదుటివారి పెదవుల కదలికను గమనిస్తూ మాట అర్థం చేసుకుంటాను. థియేటర్‌లో అందరూ మాస్కులు వేసుకుంటారు, నా చెవి మిషన్లు తీసేస్తారు. నాకున్న ఆధారాలు రెండూ ఒక్కసారే పోతాయి.

ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా ప్రజలకు ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక చెబుతోంది. అయినా ఆస్పత్రిలో పేరు పెట్టి పిలవడం దగ్గరి నుంచే అంతా చెవి మీద నడుస్తుంది. రిసెప్షన్‌లో ముందుగానే చెప్పి, పిలిచేటప్పుడు చెయ్యి ఊపమని కోరడంతో ఆ చిక్కు సులువుగానే తీరింది.

సర్జన్ గారి గదిలో అంత సులువు కాలేదు. ఆయన కంప్యూటర్ వైపు చూస్తూ, "ఆవిడకు ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా?" అని మా అమ్మాయిని అడిగారు. "నన్నే అడగండి డాక్టర్ గారూ, కాస్త ఇటు తిరిగి మాట్లాడితే నాకు తెలుస్తుంది" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు గానీ, గొంతు పెంచారు. అరిస్తే పెదవుల తీరు మారిపోయి మాట మరింత అందకుండా పోతుందని చాలామందికి తెలియదు. పైగా ప, బ, మ అక్షరాలు పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి కనుక, మందుల పేర్లూ మోతాదులూ కాగితం మీద రాసివ్వమని అడిగాను.

అంగీకార పత్రాన్ని ముందుగానే తీసుకుని ఇంట్లో చదువుకున్నాను. రక్తస్రావం, పిత్తనాళానికి గాయం, అవసరమైతే పొట్ట కోసి ఆపరేషన్ చేయవలసి రావడం వంటి ప్రమాదాలను వివరించాక నర్సు గారు "అర్థమైందా?" అని అడగలేదు, మీకు తెలిసినది మీ మాటల్లో చెప్పండి అన్నారు. అర్థం కాకపోయినా తల ఊపేసే అలవాటు మాలాంటివారికి ఉంటుంది కాబట్టి, ఆ పద్ధతి నాకెంతో నచ్చింది.

మత్తు డాక్టరు గారితో జరిగిన ఒప్పందమే అన్నిటికన్నా ముఖ్యమైనది. మత్తు ఎక్కేవరకు మిషన్లు చెవులకే ఉంచాలి. తీశాక పేరు రాసిన డబ్బాలో పెట్టి నాతోపాటే రికవరీ గదికి పంపాలి. మెలకువ రాగానే ఏదైనా చెప్పేముందు వాటిని నాకు పెట్టాలి. గట్టిగా ఊపిరి పీల్చమనడానికి భుజం మీద రెండుసార్లు తట్టడం గుర్తుగా పెట్టుకున్నాం. ఇదంతా కేస్ షీట్‌లో ఎక్కించినా, డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చేవారికి తెలియకపోవచ్చునని అనుమానించి, మంచం తల దగ్గర పెద్ద అక్షరాలతో ఒక అట్ట అంటింపజేశాను. కేస్ షీట్ కన్నా ఆ అట్టనే ఎక్కువమంది చదివారు.

డిశ్చార్జి కాగితంలో జాగ్రత్తలన్నీ వివరంగా రాశారు. ఆపరేషన్ చేసేటప్పుడు పొట్ట ఉబ్బేలా లోపలికి పంపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వల్ల భుజం నొప్పి రావచ్చునని అందులో ఉండబట్టే, ఇంటికి చేరాక ఆ నొప్పి వచ్చినా నేను బెదరలేదు. ఇబ్బంది ఉంటే ఫోన్ చేయమన్న వాక్యాన్ని మాత్రం అక్కడే కొట్టివేయించి, మెసేజ్ పంపడానికి వీలైన నంబరు రాయించుకున్నాను.